కొండకు చెయ్యనన్న మనిషి

రేణిగుంట రోడ్డులో ఆ మనిషి ఫ్లెక్సీ కట్టారు. పైన రెండు వైపులా శంఖచక్రాలు, మధ్యలో కన్నీటి నివాళి అని పెద్ద అక్షరాలు, కింద టాక్సీ డ్రైవర్ల పేర్లు వరసగా. ఫొటోలో ఆయన నవ్వుతున్నాడు. నేను స్కూటీ ఆపి మరీ చూశాను. ఆ నవ్వు వేరే ఎవరిదో తెచ్చి అతికించారేమో అనిపించింది. నాకు తెలిసినన్నాళ్ళూ ఆ ముఖం మీద అలాంటిది కనపడలేదు.

పేరు రాయను. మా ఇంట్లో ఆ పేరు ఎవరం పలికేవాళ్ళం కాదు. తప్పనిసరైతే "ఆ మనిషి" అనేవాళ్ళం, ఎవరి గురించో అందరికీ తెలిసిపోయేది. పోయినవాళ్ళను తిట్టకూడదని మా అమ్మ అంటుంది. నేను బతికున్నప్పుడే ఎదురుగా నిలబడి తిట్టాను కాబట్టి ఆ నియమం నాకు వర్తించదు.

తొంభైల మధ్యలో తిరుపతి కుర్ర డ్రైవర్లకు చిన్న స్టీరింగుల పిచ్చి పట్టింది. మద్రాసు నుంచి తోలు చుట్టిన నల్లటి స్టీరింగులు తెచ్చుకునేవాళ్ళు. తెచ్చుకున్నంత మాత్రాన బిగించడం కుదరదు. కారులో స్టీరింగు రాడ్డు చివర చుట్టూ సన్నటి పళ్ళుంటాయి, ఏ కారు పళ్ళు ఆ కారువే. కొత్త స్టీరింగుకు ఆ పళ్ళుండవు, ఉత్త బోల్టు బొక్కలుంటాయి. రెండింటికీ మధ్య ఒక ఇనుప ముక్క కావాలి. అది ఒకవైపు పళ్ళను గట్టిగా కరుచుకోవాలి, ఇంకోవైపు స్టీరింగును మోయాలి. దాన్నే అడాప్టరంటారు. కారును బట్టి, తోలే మనిషిని బట్టి దాన్ని లేతు మిషను మీద ఇనుము చెక్కి తయారుచేసేవాడు ఊరు మొత్తానికి ఆయనొక్కడే. ఇంకొకడు ఉండి ఉంటే రేణిగుంట రోడ్డులోని ఆయన షెడ్డు గడప ఎవరూ తొక్కేవాళ్ళు కాదని నా నమ్మకం.

పళ్ళ కొలత ఆయన సబ్బుతో తీసుకునేవాడు. పాత స్టీరింగు ఊడదీసి, రాడ్డు చివరకు బట్టల సబ్బును అదిమి, ఊపిరి బిగబట్టి కాసేపు అట్లాగే ఉండి, మెల్లగా వెనక్కి లాగేవాడు. పళ్ళన్నీ సబ్బులో అచ్చు పడేవి. ఆ సబ్బును వెలుతురుకు పట్టుకుని, గోటితో ఒక్కో గాడినీ తడుముతూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు. ఆ సమయంలో ఎవరైనా దగ్గినా సరే, సబ్బు పక్కన పెట్టేసేవాడు. "లెక్క పాయె. రేపు రాపో" అనేవాడు. ఎంత దూరం నుంచి వచ్చారన్నది ఆయనకు పట్టదు. చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళు కూడా రేపు రావలసిందే.

అచ్చు తీసిన సబ్బులన్నీ గోడకు బిగించిన చెక్క మీద వరసగా ఉండేవి. ఒకసారి ఆయన భార్య, ఇంట్లో సబ్బు అయిపోయిందని అందులోది ఒకటి పట్టుకెళ్ళి బట్టలుతికింది. ఏదో విదేశీ జీపు పళ్ళ అచ్చు అరిగిపోయింది. ఆమెను ఆయన ఒక్క మాట కూడా అనలేదట. ఆ ఉతికిన బట్టల్ని మాత్రం తీగ మీద నుంచి తియ్యనివ్వలేదట, రంగు వెలిసిపోయేదాకా. ఈ సంగతి డ్రైవర్లు టీ కొట్టు దగ్గర చెప్పుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. నాకు ఆ తీగ మీద ఆరేసి ఉన్న చీరలే గుర్తొచ్చేవి.

మనిషి ముఖం చూసే అలవాటు ఆయనకు లేదు. ఎవరొచ్చినా ముందు "చేతులు సూపించు" అనేవాడు. ఎంతటి పెద్దమనిషైనా లేతు మిషను ముందు రెండు చేతులూ చాపి నిలబడాల్సిందే. వాటిని తిప్పి చూసి, "నువ్వు గట్టిగా పట్టుకుంటావు, నీకు లావు స్టీరింగు వద్దు" అనో, "నీకు స్టీరింగెందుకప్పా, నువ్వు కండక్టరుగా పో" అనో తేల్చేవాడు. పెళ్ళి కావలసిన ఒక కుర్రాడిని, మామగారు పక్కనుండగానే అట్లా అన్నాడట.

ఇక హారన్ సంగతి. పాత స్టీరింగు తీసేస్తే దాని మధ్యనున్న హారనూ పోతుంది. కొత్తదాని మధ్యలో మళ్ళీ పెట్టించుకోవడం అందరికీ ఇష్టం. ఆయన మాత్రం పెట్టడు. ఎడంచేత్తో వెతుక్కుని నొక్కాల్సినట్టు ఎక్కడో పక్కన ఒక స్విచ్చి బిగించేవాడు.

"హారన్ కొట్టేటోడు బ్రేకు మర్సిపోతాడు" అనేవాడు.

"మరి కొండ మీద మలుపుల్లో ఎట్లన్నా?" అని ఎవరో అడిగితే, "గోవిందా అను. ముందు పోయేటోళ్ళు పలుకుతారు" అన్నాడు. ఇది ఊరంతా పాకింది. ఆయనేదో గొప్ప మాట అన్నట్టు డ్రైవర్లు దాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పుకునేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మా నాయన అంబాసిడరు టాక్సీ తోలేవాడు. రైల్వే స్టేషను దగ్గర స్టాండు. ఆ స్టాండులో డ్రైవర్లు రెండు రకాలు. యాత్రికుల్ని తిరుమలకు ఎక్కించి దింపేవాళ్ళు ఒక రకం. కాణిపాకం, చిత్తూరు, కాళహస్తి అంటూ కింద తిరిగేవాళ్ళు రెండో రకం. రెండో రకాన్ని "కిందోళ్ళు" అనేవాళ్ళు. వయసైపోయినవాళ్ళు, చూపు మందగించినవాళ్ళు, భయస్తులు కిందోళ్ళు. మా నాయన కొండ డ్రైవరు. ఘాట్ రోడ్డులో ఏ మలుపు ముందు ఏ గేరు వెయ్యాలో నిద్రలో అడిగినా చెప్పేవాడు. పొద్దున్నే స్నానం చేసి, కారు డ్యాష్‌బోర్డు అరలో ఉన్న చిన్న స్టీలు డబ్బా మూత తీసి, ఉంగరం వేలితో కుంకుమ అద్ది స్టీరింగుకు బొట్టు పెట్టి, కొండవైపు దండం పెట్టుకుని బయల్దేరేవాడు. మా ఇంట్లో దేవుడి గూటి ముందు కూడా అంత భక్తిగా నిలబడడం నేను చూడలేదు.

నేను డిగ్రీ చదువుతుండగా, అలిపిరి మెట్ల మీద వానకు జారిపడి ఆయన కుడి మోకాలు దెబ్బతింది. నయమైంది గానీ, అది మునుపటిలా వంగేది కాదు. కాలు చాపుకునే కారులోకి జరగాలి. అంబాసిడరు స్టీరింగు బండి చక్రమంత ఉంటుంది, అది అడ్డమొచ్చేది. చిన్న స్టీరింగు వేయించుకుంటే సులువుగా ఎక్కి దిగొచ్చని ఎవరో సలహా ఇచ్చారు. కారు ఎక్కి దిగడానికి సాయంగా నేను తోడు వెళ్ళాను. ఆ మనిషిని నేను దగ్గర్నుంచి చూడడం అదే మొదలు.

మా నాయన చేతులు చాపబోయాడు. ఆ మనిషి చేతుల వంక చూడలేదు.

"యాడికి తోల్తాండావు?" అన్నాడు.

"కొండకే. ఇన్నేండ్లుగా కొండకే గదప్పా."

"కాలు మడువు."

మా నాయన మడవబోయి, సగంలో ఆగిపోయి, నవ్వాడు. షెడ్డులో పనికోసం వచ్చిన నలుగురైదుగురు డ్రైవర్లు చూస్తూనే ఉన్నారు, అందులో ఇద్దరు మా స్టాండువాళ్ళే.

"కింద తిరిగేదానికయితే చేస్తా. కొండకు చెయ్యను" అన్నాడు ఆ మనిషి.

"అట్లంటే ఎట్లప్పా. నువ్వు స్టీరింగు ఏసియ్యి, కాలు సంగతి నేను సూసుకుంటా."

"నీ కాలు సంగతి నువ్వు సూసుకుంటావు. ఎనక కూసోనుండేటోళ్ళ సంగతి?"

ఇంత మాట పదిమందిలో. మా నాయన ముఖం నల్లబడిపోయింది. నాకు ఆ లేతు మిషను ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. అయినా మా నాయన బతిమాలాడు. మా నాయన బతిమాలడం నేనెప్పుడూ చూసి ఉండలేదు. ఆఖరికి ఆ మనిషి ఒక కొత్త సబ్బు తీసుకుని కారు దగ్గరికి నడిచాడు.

తర్వాతి వారం బిగించాడు. స్టీరింగు చిన్నదే, కూర్చోవడం సులువైంది. అయితే అడాప్టరుకూ స్టీరింగుకూ మధ్య ఒక లావుపాటి ఇనుప రింగు వేశాడు. దాంతో స్టీరింగు ముందుకొచ్చి దాదాపు నాయన పొట్టకు ఆనుతోంది. నాయన తిప్పి చూసి ఏదో అడగబోయాడు. ఆ మనిషి ఒక కాగితం పొట్లం తీసి నాయన చొక్కా జేబులో వేసి, "నీ ఇష్టం" అన్నాడు. మిగిలిపోయిన బోల్టులేవో ఇచ్చాడనుకున్నాను. నాకు దాని మీద ధ్యాస లేదు, ఎప్పుడు బయటపడదామా అని ఉంది.

మొదటి ప్రయాణం దేవుడి దగ్గరికే అని నాయన అమ్మనీ నన్నూ ఎక్కించుకుని తిరుమల తీసుకెళ్ళాడు. పైకెక్కడం బాగానే జరిగింది. ఎక్కే రోడ్డు వేరు, దిగే రోడ్డు వేరు. దిగే రోడ్డులోనే మలుపులు ఎక్కువ, బండి ఉన్నచోటే వెనక్కి తిరిగినట్టు తిరగాలి. అలాంటి ఒక మలుపులో నాయన చేతులు మార్చి స్టీరింగు తిప్పుతుంటే, కింది చెయ్యి స్టీరింగుకూ తొడకూ మధ్య ఇరుక్కుపోయింది. కారు తిరగలేదు. నేరుగా పోయింది. ఎదురుగా పిట్టగోడ, దాని అవతల ఏముందో ముందు సీట్లో ఉన్న నాకు బాగా కనపడింది. వెనక నుంచి అమ్మ "గోవిందా" అంది. కారు గోడకు బంపరు ఆనించి ఆగింది.

నాయన ఇరుక్కున్న చెయ్యి మెల్లగా బయటికి లాక్కున్నాడు. వెనకే వచ్చిన టాక్సీలోంచి ఒక డ్రైవరు దిగివచ్చి, సంగతి చూసి, "స్టీరింగు ఇంత దగ్గిరగా పెట్టినాడేందప్పా? మనిషి తోలేదేనా?" అన్నాడు. అతనే తన బండి వెంట ఉన్న తమ్ముడికి అప్పగించి మా కారును అలిపిరి దాకా దింపిపెట్టాడు. నాయన ఎడంపక్క సీట్లో ప్రయాణికుడిలా కూర్చుని దిగాడు. నేను ఆ మనిషిని మనసులో తిట్టని తిట్టు లేదు.

ఇంటికి వచ్చాక నాయన అన్నది ఒకటే మాట. "వాడు తప్పుగా చేసినాడు. ఈ స్టీరింగుతో కొండ తోలేదానికి కాదు." స్టాండులోనూ అదే చెప్పాడు. అందరూ నమ్మారు. మరునాటి నుంచి కాణిపాకం, చిత్తూరు తిరగడం మొదలుపెట్టాడు. ఆయన్ను ఎవరూ కిందోడు అనలేదు. ఆ మనిషి అడాప్టరు పాడుచేసినందువల్ల కొండకు పోలేకపోతున్న కొండ డ్రైవరుగానే చూశారు.

నేను ఊరుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి నేరుగా ఆ షెడ్డుకు పోయాను. డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. ఆ మనిషి సబ్బును వెలుతురుకు పట్టి పళ్ళు లెక్కపెడుతున్నాడు. లెక్క పోతే పోనీ అని గట్టిగానే మొదలుపెట్టాను.

"నువ్వు మనిషివేనా? కొండకు పోకూడదని కావాలనే అట్ల చేసినావు గదా. మా అమ్మ, నేను, మా నాయన ముగ్గురమూ ఆ గోడ అవతలికి పోయుంటే ఏం చెప్పేటోడివి?"

ఆయన సబ్బు దించాడు. మొట్టమొదటిసారి నా ముఖం వంక చూశాడు.

"మీ నాయన పంపించినాడా?"

"లేదు. నేనే వచ్చినా."

"మీ నాయన ఏమన్నాడు?"

"నువ్వు తప్పుగా చేసినావని అన్నాడు. స్టాండంతా అదే అంటాండారు."

ఆయన సబ్బు మీది పొట్టు గోటితో గీకాడు. "అట్లన్నాడా" అన్నాడు. "అట్లయితే నేనే చేసినా. పొయ్యి మీ నాయనకు చెప్పు, నేనే చేసినానని ఒప్పుకున్నానని."

ఇంకా తిట్టాను. కులం తప్ప అన్నీ ఎత్తి తిట్టాను. భార్య చీరల సంగతి కూడా ఎత్తాను. కూర్చున్న డ్రైవర్లలో ఒకాయన "సాలు పాపా" అని లేచాడు. ఆ మనిషి చెయ్యి అడ్డం పెట్టి అతన్ని కూర్చోమన్నాడు. నా నోరు నొప్పి పుట్టి ఆగాక, "అయిందా? ఎండగా ఉండాది, నీళ్ళు తాగి పో" అన్నాడు. అంత నిర్లక్ష్యం. నేను నీళ్ళు ముట్టకుండా వచ్చేశాను.

రాత్రి అన్నం తింటున్న నాయనకు ఈ సంగతంతా గొప్పగా చెప్పాను. ఆ మనిషి ఒప్పుకున్నాడని కూడా చెప్పాను. నాయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఎందుకు పోయినావమ్మా?" అన్నాడు. చెయ్యి కడుక్కుని లేచాడు. అవమానం మళ్ళీ గుర్తు చేశానని బాధపడ్డాడనుకున్నాను. దానికి కూడా ఆ మనిషినే తిట్టుకున్నాను.

నాయన ఆ తర్వాత చాలాకాలం కిందనే తోలాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ మనిషి అన్యాయం చేశాడన్న మాట మా ఇంట్లో దేవుడి పటంలా గోడకు ఉండిపోయింది. దారిలో ఆ షెడ్డు వస్తే నేను ముఖం తిప్పుకునేదాన్ని. ఉద్యోగం వచ్చాక కూడా, పెళ్ళయ్యాక కూడా. నా భర్తకు ఆ షెడ్డు చూపించి మరీ చెప్పాను, ఆ మనిషి నీడ పడినా స్నానం చెయ్యాలని. కిందటేడు నాయన పోయాడు. ఆ మనిషి చూడ్డానికి వచ్చాడు, లోపలికి రాకుండా వీధిలోనే నిలబడి వెళ్ళిపోయాడు. నేను రమ్మనలేదు.

ఫ్లెక్సీ చూసిన వారమే కారు అమ్మకానికి కుదిరింది. నాయన పోయినప్పటి నుంచి పరదా కింద ఉంది. కొనే అతను కుర్రాడు, కొండ తోలేవాడు. ఎక్కి కూర్చుని, "స్టీరింగు మరీ మీద పడతాండాదక్కా" అన్నాడు. వెంట తెచ్చుకున్న మెకానిక్కు బోల్టులు విప్పబోయి, ఆగి, నన్ను పిలిచాడు.

"ఇది ముందే ఇప్పి మల్లా బిగించినారక్కా. తలలు సూడు."

చూశాను. ప్రతి బోల్టు తల మీదా స్పానరు జారిన గాట్లు. నాయన డిక్కీలో ఉన్న స్పానరు నోరు అరిగిపోయింది. దాంతో ఏది విప్పినా అట్లాగే గాట్లు పడేవి, అమ్మ కుట్టు మిషనుకు కూడా పడ్డాయి.

మెకానిక్కు విప్పాడు. లావు రింగు ఊడి వచ్చింది. "ఈ రింగు అవసరమే ల్యా. తీసేస్తే స్టీరింగు లోపలికి పోతాది, చెయ్యి యాడా తగలదు. అడాప్టరు సూడక్కా, రెండు రకాలుగా బిగించేదానికి పనికొచ్చేట్ల చేసినాడు మహానుభావుడు. పొట్టి బోల్టులు కావల్ల, అంతే. ఆయన ఇచ్చే ఉంటాడే" అన్నాడు.

ఆ రోజు నాయన జేబులో వేసిన కాగితం పొట్లం గుర్తొచ్చింది. డ్యాష్‌బోర్డు అర తెరిచాను. స్టీలు డబ్బా అక్కడే ఉంది. మూత తీసి వేలితో కుంకుమ కదిపాను. గట్టిగా తగిలాయి. పొట్టి బోల్టులు, అన్నీ ఉన్నాయి, ఎర్రగా.

మెకానిక్కు ఒకటి తీసుకుని చొక్కాకు తుడిచి చూశాడు. "వీటి మరల్లో గ్రీజుండాది. ఒకసారి బిగించి తీసినవే ఇవి."

అంటే నాయన ఎప్పుడో మాకు చెప్పకుండా రింగు తీసి, పొట్టి బోల్టులు బిగించి, స్టీరింగు సరిచేసుకుని కొండ రోడ్డు మీదికి పోయి ఉంటాడు. చెయ్యి ఇరుక్కోలేదు. ఇక మిగిలింది కాలు. అది బ్రేకు మీదికి అందాల్సినప్పుడు అందలేదు. తిరిగొచ్చి, తనే రింగు వేసి, తనే బిగించి, పొట్టి బోల్టుల్ని కుంకుమలో దాచాడు. ఆ రోజు నుంచి రోజూ పొద్దున వేలు ముంచిన ప్రతిసారీ అవి ఆయన వేలికి తగిలే ఉంటాయి. బొట్టు పెట్టుకుని కాణిపాకం పోయేవాడు.

భయమేసింది, కాలు వంగడం లేదు అని మాతో అని ఉంటే మేం ఏమనేవాళ్ళం? ఏమీ అనేవాళ్ళం కాదు. స్టాండువాళ్ళు కిందోడు అనేవాళ్ళు. ఆ ఒక్క మాట పడకుండా ఉండడానికి మా నాయన ఆ మనిషి మీద నింద వేశాడు, ఆ మనిషి దాన్ని మోశాడు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారని కూడా నేను అనుకోను. ఒకరు అన్నారు, ఇంకొకరు నా నోటి నుంచి విని సరేనన్నారు. మధ్యలో నన్ను ఇన్నేళ్ళూ ఆ అబద్ధానికి కోపంతో కాపలా పెట్టారు.

అమ్మకు ఏం చెప్పలేదు. మెకానిక్కుతో, "రింగు తీసేసి పొట్టి బోల్టులు బిగించియ్యప్పా" అన్నాను. కుర్రాడు తిప్పి చూసుకుని, "ఇప్పుడు కరెక్టుగా ఉండాది" అన్నాడు. అలిపిరి వైపు తోలుకుపోయాడు. మా నాయన కారు కొండెక్కింది.

సాయంత్రం రేణిగుంట రోడ్డుకు పోయాను. గాలికి ఫ్లెక్సీ ఒక మూల ఊడి వేలాడుతోంది. రింగు నా హ్యాండ్‌బ్యాగులో బరువుగా ఉంది. షెడ్డు మూసి ఉంది. కిటికీలోంచి చూస్తే సబ్బులు చెక్క మీద అట్లాగే ఉన్నాయి, అందులో ఏదో ఒకటి మా కారుది.

ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగిందని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. నాకు కలిగింది కోపమే, మునుపటికన్నా ఎక్కువ. ఆ రోజు అంతసేపు తిట్టాను. నీళ్ళు తాగి పొమ్మన్నాడే గానీ, నీకు తెలీదు పాపా అని ఒక్క మాట అనలేదు. నాయన పోయిన రోజు కూడా వీధిలో నిలబడి ఏం చెప్పకుండా పోయాడు. ఫ్లెక్సీ ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళు చూస్తున్నా లెక్కచెయ్యకుండా, ఆయన్ను మళ్ళీ మొదటి నుంచి తిట్టాను. ఈసారి మా నాయన్ను కూడా కలిపి తిట్టాను. ఫొటోలో ఆయన నవ్వుతూనే ఉన్నాడు.